రయాన్ వెనక గోడ

నవంబర్ 3, సోమవారం

ఫోటోగ్రఫీ కోర్సు ఫైనల్ ఫైలు ఫిబ్రవరి ఆఖరుకు ఇవ్వాలి. ముగ్గురు ఫోటోగ్రాఫర్ల మీద పరిశోధన, తర్వాత సొంత షూట్లు నాలుగు. సొంతం అంటే జాతరలు, కొంగలు కాదు, మీ ఇంట్లో జరుగుతున్నది అని వినీత మేడం ఆన్‌లైన్ క్లాసులో రెండుసార్లు చెప్పింది. చివరికి నా పేరు పెట్టి, "తహ్మీనా, అతికించిన ఫోటో ఒక్కటి కనిపించినా ఫైలు వెనక్కి పంపిస్తాను. మీకు ప్రత్యేకంగా చెప్తున్నాను" అన్నది. స్క్రీన్ మీద అందరు నవ్విండ్రు. కామారెడ్డి స్టూడియోలో నా ఉద్యోగమే అతికించడం. గల్ఫ్‌లో ఉన్నోళ్లను తెచ్చి ఇంటి ఫోటోల్లో నిలబెడ్త.

షూట్లు అనుకున్న. ఒకటి ఈ ఇల్లు, మా అత్త అమ్మీ, ఆడబిడ్డ నజ్మా. రెండోది నాగిరెడ్డిపేట దిక్కు వడ్ల కోతలు. మూడోది ఇంకా తెలియదు. నాలుగోది నేను, రయాన్, ఒకే వెలుగులో.

రయాన్ డిసెంబర్‌లో వస్తడు. పెండ్లయిన నలభై రోజులకు దమ్మామ్ పోయిండు, రెండేండ్లయింది. పెండ్లి ఆల్బం తర్వాత మేమిద్దరం ఉన్న ఫోటోలన్నీ నేను అతికించినవే.

ఇంట్ల ఆయన పేరు పలకను. ఇక్కడ రాయొచ్చు. అమ్మీకి తెలుగు చదవరాదు. నజ్మాకు వస్తది కాని నా రాత చదివే ఓపిక దానికి లేదు.

నవంబర్ 6

అమ్మీ మోకాళ్ల డాక్టర్ దగ్గరికి ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయింది. నేను పోయిన తర్వాతి బస్సు. కలిసి పోదాం అంటే, "నీ బస్సుల నిలబడాలె బేటా" అన్నది.

నవంబర్ 9, ఆదివారం

ముగ్గురిలో ఇద్దరిని మేడం ఇచ్చిన జాబితా నుంచి తీసుకున్న. ఒకామె ఇరవై ఏండ్లు తన ఫోటోలే తీసుకున్నది. ఇంకొకాయన మనుషులు లేని గదులు తీస్తడు. మూడో మనిషి సిద్దిరాములన్న, మా స్టూడియో ఓనరు. మేడం ఒప్పుకున్నది.

ఇవాళ ఆయనను కూర్చోబెట్టి అడిగిన. కంప్యూటర్ రాకముందు బ్లేడుతో కోసి, అంచులు సన్నగా గీకి, గమ్ముతో అతికించి, మళ్లీ ఫోటో తీసేవాడట. అతుకు కనపడ్డ చోట పెన్సిల్.

"మొదలు ఏం చూస్తవన్నా?"

"వెలుగు ఏ దిక్కు నుంచి పడ్డదో అది. తర్వాత మెడ. మొఖం ఎవడన్న కోస్తడు, మెడ కాడ దొరికిపోతం."

"గల్ఫోళ్లను ఎప్పుడూ అంచుకే ఎందుకు పెడ్తవ్?"

"అంచుకైతే ఒక్క భుజమే అతకాలె. నడుమల పెడ్తె రెండు." నవ్విండు. "ఇగో, మీ అత్త వచ్చినప్పుడల్లా కొడుకును నడుమల పెట్టుమంటది. నాకు డబుల్ పని. ఇప్పుడు నీకు డబుల్ పని. కోడలివి, పైసలు లేకుండ ఫుకట్ల చేస్తవ్."

రికార్డు చేసుకున్న. ఇంకో మాట కూడా అన్నడు, రాసి పెట్టుకోవాలి. "మనిషిని కోసినంక ఎనక ఉన్నది పారేస్తం. అండ్ల ఏముందో నేను ముప్పై ఏండ్లల ఒక్కసారి చూడలే."

నవంబర్ 14

సాయంత్రం రయాన్ ఫోన్. మా మసీదులో మగ్రిబ్ అజాన్ మొదలైంది. అటు నుంచి కూడా అజాన్ వినిపించింది, కొంచెం ఆగి, వేరే గొంతు. అక్కడ అప్పుడు మూడుంపావు. ఆ టైంకు ఏ నమాజూ లేదు.

ఫోన్‌లో మనదే తిరిగి వినిపిస్తది ఒక్కోసారి.

నవంబర్ 17

డిసెంబర్‌లో రావడం కుదరదట. కంపెనీ సెలవు ఇయ్యలేదు. నజ్మా పెండ్లి అయినంక, రంజాన్‌కు ముందు వస్తడట.

"పెండ్లికి కూడా రావా? ఒక్కతే చెల్లె."

"వీడియోల ఉంట కదా."

నాలుగో షూట్ ఫిబ్రవరికి మార్చిన. ఫైలుకు టైం సరిపోతది.

నవంబర్ 20

గురువారం. అమ్మీ పొద్దున లేచి జొన్న రొట్టెలు చేసింది, ఖట్టీ దాల్ డబ్బాలో పోసింది. డాక్టర్ దగ్గరికి డబ్బా ఎందుకు అంటే, వరుస పెద్దగా ఉంటది, ఆకలైతది అన్నది. ఎనిమిది రొట్టెలు. అమ్మీ రెండు కూడా తినదు.

వరుసలో ఉన్నోళ్లకు పెడ్తదేమో. పెట్టే మనిషే.

నవంబర్ 23, ఆదివారం

నజ్మా మంగ్నీ అయింది. అబ్బాయి ఇర్ఫాన్, కామారెడ్డిలో మోటార్లు బాగు చేసే షాపు. వాళ్లమ్మ మా హాల్లో గోడ మీద ఉన్న రయాన్ ఫోటోను చాలాసేపు చూసింది. "అన్న అక్కడ ఎన్నేండ్ల నుంచి?" "ఆరేండ్లు" అన్నది అమ్మీ. "మాషా అల్లా. అన్న సంపాదన ఉన్న ఇల్లంటేనే నేను ముందరికి వచ్చిన" అన్నది ఆమె. పెండ్లి జనవరి 25.

గ్రూప్ ఫోటో తీసిన. వెలుగు ఎడమ నుంచి. మధ్యలో ఒక మనిషి పట్టే జాగా అమ్మీ ముందే ఇడిపించింది.

నజ్మా నా చెవిలో, "భాబీ, భాయ్‌ను కొంచెం సన్నగ చేసి పెట్టు. పోయిన ఈద్ ఫోటోల తందూరీ చికెన్ లెక్క ఉండె" అన్నది.

నవంబర్ 25

రయాన్ కొత్త ఫోటో పంపిండు. తెల్ల చొక్కా, నిలబడి, ఎడమ నుంచి వెలుగు. నేను చెప్పినట్టే. స్టూడియోలో పెద్ద స్క్రీన్ మీద తెరిచి కోయడం మొదలుపెట్టిన.

నేనిచ్చిన చొక్కానే. సన్నబడ్డడు. నజ్మా కోరిక నేను తీర్చే పని లేదు.

భుజం అంచు తీస్తుంటే వెనక గోడ మీద ప్లగ్గు బోర్డు. మూడు గుండ్రటి బొక్కలు. పెండ్లికి వచ్చినప్పుడు ఆయన చార్జర్‌కు మందపాటి చదరపు పుల్లలు ఉండె, మా బోర్డుకు పట్టలేదు. స్టూడియో పక్క షాపులో అడాప్టర్ కొన్నం.

అక్కడ క్యాంపులో మనోళ్లే ఉంటరు. మన బోర్డులు పెట్టుకుంటరేమో.

బ్యాక్‌గ్రౌండ్ తీసేసిన. రెండు భుజాలు అతికించిన. మెడ బాగా వచ్చింది. సిద్దిరాములన్న చూసి, "ఇగ నాకు ఏం పనిలే, నేను ఇంటికి పోవచ్చు" అన్నడు.

నవంబర్ 26

అసలు ఫోటో పారేయలేదు. వేరే పేరుతో దాచిన. పరిశోధనకు పనికొస్తది.

డిసెంబర్ 4

సర్పంచ్ ఎలక్షన్లు. ఐదు మండలాల ఫ్లెక్సీలు. పొద్దటి నుంచి సాయంత్రం దాకా చేతులు జోడించిన మగవాళ్లు. ఒకాయన బట్టతల మీద జుట్టు పెట్టమన్నడు. పెట్టిన. ఇంటికి పోయి ఫోన్ చేసిండు, భార్య గుర్తుపట్టలేదట, తీసెయ్యమన్నడు. తీసేసిన.

బస్సులో నిలబడే వచ్చిన. కండ్లు మంట.

డిసెంబర్ 7, ఆదివారం

రెండో షూట్. నాగిరెడ్డిపేట. పోచారం ప్రాజెక్టు కింద పొలాలు సగం కోసిండ్రు, మిగిలింది ఆగస్టు వానలకు పడిపోయి ఇసుక కింద ఉంది. రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసిండ్రు. భూమక్క అనే ఆమె కాళ్లతో వడ్లు తిరగేస్తూ నడుస్తుంటే అడిగి తీసిన. "నా మొఖం ఏం జేస్కుంటవ్, వడ్లు తియ్యి, తేమ తగ్గలే, మ్యాచర్ వస్తలేదని సెంటర్ల కొంటలేరు, అది రాయి" అన్నది. నేను రాసే మనిషిని కాదన్న. "మరి గింత పెద్ద కెమెరా ఎందుకు?" అన్నది.

నలభై ఫోటోల్లో మూడు పనికొస్తయి. మేడంకు పంపితే, "బాగున్నాయి. కానీ ఇవి ఎవరైనా తీయగలరు. మీరెక్కడున్నారు?" అని రాసింది.

డిసెంబర్ 10

దాచిన ఫోటో మళ్లీ తెరిచిన. గదులు తీసే ఆయన గురించి రాస్తున్న కదా, అందుకు.

బోర్డు కింద మూలలో సంచి ఒకటి గోడకు ఆనించి ఉంది. బియ్యం సంచి. పైన తెలుగు అక్షరాలు. సగం రయాన్ మోకాలు వెనక. కనపడేది "క్నూర్". దాని కింద "రైస్ మిల్".

మన బియ్యం అక్కడ కూడా అమ్ముతరు. అందరికీ తెలిసిందే.

సంచి ఖాళీ. కొత్తది, మడత విప్పలేదు. బియ్యం పోయని సంచి అది.

డిసెంబర్ 11

మొదటి విడత పోలింగ్. స్టూడియో బంద్. ఏం చేయలే.

డిసెంబర్ 15

ఫోన్ మాట్లాడుతుంటే ఆయన దగ్గర కరెంట్ పోయింది. "అరే, పోయింది" అన్నడు. తర్వాత జనరేటర్ మొదలైన చప్పుడు. "మెయింటెనెన్స్" అన్నడు. సరే అన్న.

డిసెంబర్ 17

మూడో షూట్‌కు లొకేషన్ కావాలి. భిక్నూర్ రైల్వే స్టేషన్ చిన్నది, మనుషులు తక్కువ, బాగుంటదని విన్న. రేపు ఎలక్షన్ పని లేదు. పోయి చూసి వస్త. స్టేషన్ ఒక్కటే.

డిసెంబర్ 18, గురువారం

స్టేషన్‌కు పోలేదు.

హైవే మీద దిగి, బియ్యం మిల్లు ఎక్కడ అని అడిగిన. ఏ మిల్లు అన్నడు హోటల్ అతను. ఫోన్‌లో సంచి ముక్క చూపించిన. గుర్తును చూసి చెయ్యి చూపిండు.

గేటు దగ్గర ఇద్దరు హమాలీలు. రయాన్ ఉన్నడా అంటే, వాళ్లు ఉన్నడా లేడా అని కూడా ఆలోచించలేదు. "రయాన్ భాయా? లారీ కాంట రూంల ఉండు. వాళ్లమ్మ కూడ వచ్చింది, పోండ్రి."

లారీలు తూకం వేసే ఆ రూం తలుపు తెరిచే ఉంది. రయాన్ నేల మీద కూర్చొని తింటున్నడు. జుట్టు, కనుబొమ్మలు తవుడు పడి తెల్లగా ఉన్నయి. అమ్మీ రొట్టె విరిచి పెడ్తున్నది. ప్లగ్గు బోర్డు, దాని కింద సంచులు. గోడ అదే.

ముందు మాట్లాడింది అమ్మీ. "ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పలే. మంగ్నీకి పంపిన ఫోటోల చూసిన."

అమ్మీ కొడుకు దిక్కు తిరిగింది. "నేను చెప్పలే నీకు? బయట చెట్టు కింద దిగు అని? మూడు ఫోటోలు దిగినవ్, పనికిరానిదే పంపినవ్."

రయాన్ నోట్లో ముద్ద మింగిండు. సెప్టెంబర్‌లో కంపెనీ క్యాంపు మూసేసి అందరినీ పంపించిందట. శంషాబాద్‌లో దిగి అమ్మీకి ఫోన్ చేసిండట. అప్పుడే ఇర్ఫాన్ సంబంధం మాటల్లో ఉంది. వాళ్లమ్మ అడిగిన మొదటి ప్రశ్న అన్న గల్ఫ్‌లో ఉన్నడా అని. వాపస్ వచ్చిండని తెలిస్తే ఆ సంబంధం పోతదని, పెండ్లి అయ్యేదాకా ఇక్కడ ఉండమని అమ్మీ చెప్పిందట. మిల్లు మేనేజర్ దమ్మామ్‌లో ఆయనతో పనిచేసినోడు.

"నాకెందుకు చెప్పలే?"

"నీకు మొఖం దాచుడు రాదు బేటా" అన్నది అమ్మీ. కోపం లేదు, ఉప్పు తక్కువైంది అన్నట్టు చెప్పింది. "రోజు బస్సుల పోతవ్, స్టూడియోకు ఊరంత వస్తది. ఒక్కరు నీ మొఖం చూసినా అయిపోతది."

"రోజు ఫోన్ చేసిన కదా" అన్నడు రయాన్.

"చేసినవ్. ఇక్కడి నుంచి."

ఆయన, "తిన్నవా?" అని అడిగిండు. లేదన్న. రొట్టె ఒకటి చేతిలో పెట్టిండు. తిన్న.

బయటికొచ్చేటప్పుడు, "ఒక్క నెల" అన్నడు. "నజ్మా కోసం."

అమ్మీ, నేను ఒకే బస్సులో వచ్చినం. లింగంపేట దాటినంక అమ్మీ నా భుజం మీద నిద్రపోయింది.

డిసెంబర్ 19

బస్సుకు పోయిన. పని చేసిన. వచ్చిన.

డిసెంబర్ 21

ఆయన ఫోన్ చేస్తే ఎత్తిన. ఎండలు ఎట్లున్నయి అని అలవాటుగా అడిగిన. చలిగా ఉంది అన్నడు.

డిసెంబర్ 26

నజ్మాకు చెప్దామని రెండుసార్లు నోరు తెరిచిన. మొదటిసారి మెహందీ డిజైన్ చూపించింది. రెండోసారి, "భాబీ, నీకు ఒంట్ల బాగ లేదా? నువ్వు ఈ మధ్య సర్పంచ్ ఫ్లెక్సీల ఓడిపోయినోళ్ల లెక్క ఉన్నవ్" అన్నది.

నవ్విన. దాచుడు రాదన్నది అమ్మీ. వచ్చింది.

జనవరి 4, ఆదివారం

ఇర్ఫాన్ వాళ్లమ్మ వచ్చింది. నిఖా టైంకు అన్న వీడియోలో ఉండాలట. ఫంక్షన్ హాల్లో పెద్ద టీవీ ఉందట, దానికి కలుపుతరట, బంధువులందరు సలాం చెప్తరట. "గల్ఫ్‌ల ఉన్న బావమరిది, మావోళ్లు చూడొద్దా?" అన్నది.

ఆమె పోయినంక అమ్మీ నా దిక్కు చూసింది. "పెద్ద టీవీ అంటే గోడ కూడ కనపడ్తది కదా?"

"కనపడ్తది."

"నువ్వే ఏమన్న చెయ్యాలె. నీకే వస్తది."

నా వల్ల కాదు అన్న. అమ్మీ బలవంతం చేయలేదు. పోయి మోకాళ్లకు నూనె రాసుకున్నది. అవి నిజంగానే నొస్తయి.

జనవరి 9

నజ్మా పెండ్లి బట్టలు వేసుకొని అద్దం ముందు నిలబడ్డది. మొదటి షూట్ ఇప్పటికి అయింది. కిటికీ వెలుగు, నజ్మా, వెనక మంచం మీద అమ్మీ పిన్నులు విప్పుతూ. మంచివి ఆరు వచ్చినయి.

"భాయ్ టీవీల కనపడంగనే ఏడుస్త, మేకప్ పోతది" అన్నది నజ్మా. "నా ఫోటోలన్ని ముందే తీసెయ్యి భాబీ. తర్వాత వచ్చేవి ఎవరికీ చూపియ్యకు."

"ఏడవకుంటే అయిపోతది కదా."

"రెండేండ్లాయె చూడక. ఏడుపు ఆగుతదా? నువ్వంటే రాయివి."

జనవరి 12

చేస్త.

జనవరి 13

షూట్ ప్లాన్. లారీ కాంట రూం, భిక్నూర్. నిఖా జొహర్ నమాజ్ తర్వాత, అంటే ఇక్కడ రెండు, అక్కడ పదకొండున్నర. పొద్దటి వెలుగు ఉండాలి, కొంచెం తెలుపు. కాంట రూం కిటికీ పడమర, రెండింటికి ఎండ పసుపుగా లోపలికి వస్తది. కిటికీకి లోపల తెల్ల బట్ట కట్టాలి. ముందు నుంచి స్టూడియో లైట్ ఒకటి. గోడ కనపడొద్దు. వెనక తెల్లటి గుడ్డ అయితే ముడతలు తెలుస్తయి, ఫ్లెక్సీ వెనక భాగం అయితే గోడ లెక్క ఉంటది. కూర్చునే మనిషికి, దానికి నడుమ మూడడుగులు, నీడ పడొద్దు. చప్పుడు: లారీలను ఆ గంట కాంట మీదికి రానియ్యొద్దు, మేనేజర్‌తో మాట్లాడాలి. మొఖానికి క్రీం, తవుడు కడిగినంక. జుట్టుకు జెల్.

రాసినంక చదువుకున్న. మేడం చెప్పిన పద్ధతిలో ఉంది. ఎక్కడా తప్పు లేదు.

జనవరి 24, శనివారం

స్టూడియోలో ఎవరూ తీసుకుపోని ఫ్లెక్సీ ఒకటి తెచ్చిన. ఓడిపోయినాయన. డబ్బులు కట్టడానికి రాలేదు. చేతులు జోడించిన మొఖాన్ని గోడకు తిప్పి వెనక భాగం ఇటు పెట్టి కట్టినం. రయాన్ ఒక చివర, నేను ఒక చివర.

"ఎవరీయన?" అన్నడు.

"వార్డు మెంబర్‌కు నిలబడ్డడు. పదకొండు ఓట్లు."

నవ్విండు. నాకూ నవ్వొచ్చింది. పెండ్లయినంక మేమిద్దరం కలిసి చేసిన మొదటి పని ఇది, వంట తప్ప.

కుర్చీ కాళ్లు ఎక్కడుండాలో సుద్దతో గీసిన. లైట్ పెట్టి చూసిన. కొంచెం ఎడమకు జరుగు అన్న, జరిగిండు. గదువ దించు అన్న, దించిండు. ఫోన్ తెర మీద చూస్తే దమ్మామ్‌లో ఆఫీసు రూం లెక్కనే ఉంది. ఏసీ గాలి కూడా తగులుతున్నట్టుంది.

ఒక ఫోటో తీద్దామా ఇద్దరం అన్నడు. మూడో షూట్ నీదే, నేను ఇందులో లేను అన్న.

ఇప్పటిదాకా చేసిన షూట్లలో ఇదే అన్నింటికన్నా బాగా వచ్చింది. ఫైలులో పెట్టలేను.

జనవరి 25, ఆదివారం

నిఖా అయింది. రయాన్ పెద్ద టీవీలో పది నిమిషాలు ఉన్నడు. నజ్మా ఏడ్చింది. రయాన్ కూడా ఏడ్చిండు. అది నేను చెప్పింది కాదు.

ఇర్ఫాన్ వాళ్లమ్మ, "చూడు, ఎంత శుభ్రంగ ఉంది రూము" అని పక్కామెకు చూపించింది. అమ్మీ నా చెయ్యి పట్టుకొని నొక్కింది. ఇర్ఫాన్ టీవీ దిక్కు కొంచెంసేపు చూసి, తల దించుకొని సలాం చెప్పిండు.

పెండ్లి మొత్తం నేనే తీసిన. నాలుగు వందల పైన. కాళ్లు వాచినయి.

ఫిబ్రవరి 5

రయాన్ ఆదివారం "దిగుతడు". అమ్మీ కామారెడ్డిలో ఖర్జూరాలు, అత్తర్లు, రెండు కంబళ్లు కొన్నది. షాపతను అడగకుండనే ధరల స్టిక్కర్లు పీకి ఇచ్చిండట. "నెలకు ఎంతమంది అడుగుతరో" అన్నడట అమ్మీతో.

ఫిబ్రవరి 8, ఆదివారం

పొద్దున పదకొండింటికి టాక్సీ. నీలం సూట్‌కేసు, తాడు కట్టి, పైన పేరు రాసి. ఇంటి ముందు ఇరవై మంది. నజ్మా, ఇర్ఫాన్ కూడా వచ్చిండ్రు.

నజ్మా అన్నను పట్టుకొని వదలలేదు. తర్వాత మొఖం ఎత్తి, "భాయ్, నీ దగ్గర కొత్త వడ్ల వాసనేంది?" అన్నది.

అమ్మీ ఖర్జూరాల డబ్బా తెరవబోయి ఆగింది.

"ఎడారిల కూడ పండిస్తుండ్రట ఇప్పుడు" అన్నడు ఇర్ఫాన్. వచ్చి సూట్‌కేసు అందుకున్నడు. రయాన్ దిక్కు చూసి మెల్లగా, పక్కనున్న నాకు మాత్రమే వినపడేటంత మెల్లగా, "భిక్నూర్ మిల్లు మోటార్లు నేనే బాగు చేస్త భాయ్. నవంబర్‌ల రెండుసార్లు వచ్చిన. నువ్వు పండుకొని ఉంటివి" అన్నడు. సూట్‌కేసు లోపల పెట్టొచ్చిండు. వాళ్లమ్మకు ఆయన చెప్పలేదు. నిఖా చేసుకున్నడు.

నవంబర్ నుంచి తెలుసు.

అమ్మీ అందరినీ వాకిట్లో నిలబెట్టింది. ఎవరు ఎక్కడ అని చెప్పే పని అమ్మీదే. రయాన్ నడుమ. ఒక దిక్కు నజ్మా, ఇర్ఫాన్. ఇంకో దిక్కు కొంచెం జాగా. కెమెరా నా చేతిలో ఉంది.

"భాబీ రాలేదు" అన్నది నజ్మా.

"అది తీస్తది" అన్నది అమ్మీ. "తహ్మీనా, నువ్వు తియ్యి బేటా. నిన్ను తర్వాత పెట్టుకో, నీకు వస్తది కదా."

తీసిన. మూడు. అందరి కండ్లు తెరిచి ఉన్నది రెండోది.

కెమెరాలో టైమర్ ఉంది. ట్రైపాడ్ లోపల తలుపు వెనక ఉంది. అక్కడ ఎవరికీ గుర్తు రాలేదు. నాకు గుర్తుంది.

ఫిబ్రవరి 11

రయాన్ మళ్లీ మిల్లుకే పోతనంటున్నడు. ఈసారి ఇంటి నుంచి, అందరికీ చెప్పి. గల్ఫ్ వదిలేసి మన దగ్గరే ఉంటడట అని అమ్మీ గల్లీలో చెప్పుకుంటున్నది. అందరు సంబరపడ్డరు.

ఫిబ్రవరి 13

"నిద్ర పడ్తలేదా?" అని అడిగిండు. పడ్తుంది అన్న.

ఫిబ్రవరి 24

రంజాన్ ఐదో రోజానో ఆరోదో, లెక్క తప్పింది. అలసట. ఇఫ్తార్ అయినంక ఫైలు కట్టడానికి కూర్చున్న. భూమక్క మూడు. నజ్మా అద్దం ముందు ఆరు. మూడో షూట్ కింద బస్సు కిటికీలో నుంచి తీసినవి పెట్టిన, ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా. నాలుగో దాని కింద వాకిలి ఫోటో.

రయాన్ వచ్చి పక్కన కూర్చున్నడు. స్క్రీన్ చూసిండు. తన పక్కన ఉన్న ఖాళీ మీద వేలు పెట్టిండు.

"ఇక్కడ నువ్వు రావాలె కదా?"

"రావాలె."

"ఇంక పెట్టలేదేంది మరి?"

"మేడం ఒప్పుకోదు. అతికిస్తే వాపస్ పంపుతది."

"అయితే రేపు మళ్లీ తీద్దాం. నిజంగనే. అందరిని నిలబెడ్త నేను."

కోపం రాలేదు. చాలా రోజులకు నా మాట నాకు స్పష్టంగా వినిపించింది.

"భిక్నూర్ నుంచి ఇంటికి రావడానికి నీకు ఐదు నెలలు పట్టింది" అన్న. "నాకు కొంచెం టైం పడ్తది."

ఆయన వేలు తీసేసిండు. లేచి పోలేదు. కూర్చున్నడు.

ఫైలు అట్లనే పంపిన.